మాంద్యం వస్తే వలస వెళ్లిన చదువు ఏమవుతుంది? – పాఠకుల ప్రశ్నలకు జవాబులు

విదేశాల్లో కొలువుల గురించి ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటిని ఇక్కడ తీసుకున్నాం. రాసినవారి పేర్లు, వారు ప్రస్తావించిన సంస్థల పేర్లు తొలగించాం. మొదటి జవాబు బాగా పొడవుగా ఉంది. తక్కిన ఉత్తరాల్లోని సందేహాలకు కూడా మూలం అక్కడే ఉంది కాబట్టి దాన్ని కుదించలేదు.

ప్రశ్న: మాది ఖమ్మం జిల్లా. బి.ఎస్సీ. నర్సింగ్ పూర్తిచేసి ఆరేళ్లుగా హైదరాబాదులోని ఒక కార్పొరేట్ ఆసుపత్రి ఐసీయూలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. జర్మన్ భాషలో బీ1 (మధ్యస్థ స్థాయి) పరీక్ష పాసయ్యాను. ఒక ఏజెన్సీ ద్వారా జర్మనీ ఆసుపత్రి నుంచి ఒప్పంద పత్రం వచ్చింది. 2023లోను, 2024లోను ఆ దేశపు ఆర్థిక వ్యవస్థ వరుసగా కుంచించుకుపోయిందని, ఇలాంటి సమయంలో ముందుగా ఇంటికి పంపేది బయటివాళ్లనే అని మా బాబాయి వద్దంటున్నారు. పైగా నా చదువుకు అక్కడి గుర్తింపు వచ్చేదాకా నన్ను నర్సుగా కాక సహాయకురాలిగా పెట్టుకుంటారని ఒప్పందంలో రాశారు. అది నాకు మింగుడుపడటం లేదు. వెళ్లమంటారా, ఆగమంటారా? – ఒక స్టాఫ్ నర్సు

జవాబు: అమ్మా, మీ బాబాయిగారి భయం ఆధారం లేనిది కాదు. కాకపోతే ఆయన భయపడుతున్న ప్రమాదం చిన్నది, మీకు మింగుడుపడని ఆ ఒక్క వాక్యంలో ఉన్న ప్రమాదం పెద్దది. అది ఎలాగో తెలియాలంటే పదిహేనేళ్ల కిందటి ఐరోపాను ఒకసారి చూడాలి. మీలాంటి చదువే చదివినవారు, మీరు వెళ్లబోతున్న దేశానికే, ఇంతకంటే గడ్డుకాలంలో వేల సంఖ్యలో వెళ్లారు.

2008 సెప్టెంబరులో అమెరికాలో లేమన్ బ్రదర్స్ సంస్థ కూలిన తర్వాత స్పెయిన్‌లో ఇళ్ల నిర్మాణం ఆగిపోయింది. 2010లో గ్రీసు, ఐర్లండ్, 2011లో పోర్చుగల్ అప్పుల భారం మోయలేక బయటి సాయం కోరాయి. 2013 నాటికి స్పెయిన్‌లో నిరుద్యోగం 26 శాతానికి, గ్రీసులో 27 శాతానికి చేరింది. పాతికేళ్లలోపు వారిలోనైతే రెండు దేశాల్లోనూ సగం మందికి పైగా పని లేదు. అదే సమయంలో జర్మనీలో నిరుద్యోగం 5 శాతం దగ్గరే ఉంది. ఖర్చు తగ్గించుకోవాలని దక్షిణ ఐరోపా ప్రభుత్వాలు ఆసుపత్రుల్లో, బడుల్లో నియామకాలు బిగించడంతో స్పెయిన్ నర్సులు, గ్రీసు డాక్టర్లు, పోర్చుగల్ ఇంజినీర్లు ఉత్తరం దారి పట్టారు. పోర్చుగల్ ప్రధాని పెడ్రో పాసోస్ కోయెల్హో 2011 డిసెంబరులో, కొలువు దొరకని ఉపాధ్యాయులు బ్రెజిల్, అంగోలా వంటి పోర్చుగీసు భాషా దేశాల వైపు చూడవచ్చని బహిరంగంగానే సూచించారు. చదివించిన సర్కారే పొమ్మంటోందని అక్కడ దుమారం రేగింది. అయినా వెళ్లేవారు వెళ్లారు. తాతల కాలంలో తమ ఏలుబడిలో ఉన్న అంగోలాకు పని వెతుక్కుంటూ విమానమెక్కడం ఆ తరం పోర్చుగీసు ఇంజినీర్లకు కొత్త అనుభవమే.

జర్మనీలో ష్వేబిష్ హాల్ అని ఒక చిన్న పట్టణం ఉంది. చుట్టుపక్కల ఫ్యాక్టరీలకు మనుషులు దొరక్క, 2012 ఆరంభంలో ఆ ఊరివాళ్లు దక్షిణ ఐరోపా నుంచి కొందరు పాత్రికేయులను పిలిచి తమ ఊరు చూపించారు. వారిలో పోర్చుగల్ నుంచి వచ్చిన ఒకరు ఆ ఊళ్లో ఉద్యోగాలు ఖాళీగా ఉన్నాయని రాశారు. ఆ కథనం ఇంటర్నెట్‌లో చేతులు మారి, ఆ పట్టణపు ఉద్యోగ కార్యాలయానికి పదివేలకు పైగా దరఖాస్తులు వచ్చి పడ్డాయి. చివరికి పని దొరికినవారు మాత్రం కొద్ది పదుల మందే. రాసినవారిలో చాలామందికి జర్మన్ ఒక్క ముక్క రాకపోవడమే అందుకు ముఖ్య కారణం. అవసరం ఇటూ ఉంది, అటూ ఉంది. నడుమ భాష అడ్డుగోడలా నిలిచింది. 2013లో జర్మన్ ప్రభుత్వం ఐరోపా యువతకు భాషా తరగతుల ఖర్చు, దారి ఖర్చులు ఇచ్చి వృత్తి శిక్షణలో చేర్చే పథకం మొదలుపెట్టింది. నిధులు చాలక ఏడాది తిరిగేసరికి కొత్త దరఖాస్తులు తీసుకోవడం ఆపేసింది. చేరినవారిలోనూ చాలామంది నడుమనే మానేసి వెనక్కి వెళ్లారు.

ఇక మీ వృత్తికి వద్దాం. స్పెయిన్‌లో నర్సింగ్ విశ్వవిద్యాలయ పట్టా. అక్కడ రోగికి స్నానం చేయించడం, తినిపించడం, పక్క మార్చడం ఎక్కువగా సహాయకుల పని. జర్మనీలో నర్సింగ్ అంటే ప్రధానంగా ఆసుపత్రిలోనే నేర్చుకునే మూడేళ్ల వృత్తి శిక్షణ, రోగి ఒంటి శుభ్రత నుంచి ఆ వృత్తిలో భాగం. సెలైన్ సూది గుచ్చడం, రక్తం తీయడం వంటివి మాత్రం చాలాచోట్ల డాక్టరు చేతి పని. స్పెయిన్ నుంచి వచ్చినవారికి ఈ తేడా తలకొట్టేసినట్లయింది. తమ చదువును అవమానించారనే వారు అనుకున్నారు. మీకూ ఇదే అనుభవం కాబోతోంది. మన ఆసుపత్రుల్లో పేషెంటు పక్కన ఇంటివాళ్లు ఒకరు అటెండరుగా ఉంటారు, ఆయమ్మ ఉంటుంది, మీరు మందులు, మానిటర్లు, కాన్యులాలు చూస్తారు. అక్కడ ఆ ఇంటివాళ్లూ మీరే, ఆయమ్మా మీరే. దీన్ని అవమానంగా కాక పనిలో తేడాగా ముందే తెలుసుకుని వెళ్లినవారు నిలబడతారు.

అవమానం అనదగ్గది వేరే ఉంది. స్పెయిన్ నర్సులను పిలిపించుకున్న కొన్ని ప్రైవేటు సంరక్షణ సంస్థలు ఒప్పందంలో ఒక షరతు పెట్టాయి. భాష నేర్పించిన ఖర్చు కింద, నిర్ణీత కాలానికి ముందు మానేస్తే వేల యూరోలు కట్టాలి. స్థానిక నర్సులకంటే తక్కువ జీతం, ఎక్కువ షిఫ్టులు, వెళ్లిపోదామంటే ఈ జరిమానా. దీనిపై బెర్లిన్‌లో స్పెయిన్ నర్సులు సంఘంగా ఏర్పడి పోరాడారు. ఆ సంక్షోభ సంవత్సరాల్లో వలస వచ్చినవారిలో పూర్తిగా పని పోయినవారి గురించే వార్తలు వచ్చాయి. నా దృష్టిలో అంతకంటే పెద్ద నష్టం, పని ఉండీ ఆ పనిలో చదువు లేకుండా పోయినవారిది. బెర్లిన్ హోటళ్లలో గిన్నెలు కడిగిన స్పెయిన్ పట్టభద్రులకు నిరుద్యోగి అన్న పేరు లేదు కాబట్టి ఏ లెక్కలోనూ వారి బాధ కనబడలేదు. మాంద్యం పోతుంది, నిరుద్యోగం తగ్గుతుంది; ఒక మెట్టు కింద పనికి కుదిరిన మనిషి మాత్రం ఐదేళ్ల తర్వాత అదే మెట్టు మీద ఉంటే, ఐదేళ్లుగా సొంత వృత్తి చేయనివారిగా కొత్త యజమాని లెక్కగడతాడు.

జర్మనీ ఈ జబ్బుకు వెతుక్కున్న మందే మీ ఒప్పందంలోని 'గుర్తింపు' అన్న మాట. 2012 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం, ఏ దేశ పౌరులైనా తమ విదేశీ చదువును జర్మన్ చదువుతో పోల్చి చూడమని అడిగే హక్కు వచ్చింది. అంతకుముందు చాలా వృత్తుల్లో ఆ అడిగే హక్కే లేదు. డాక్టరు చదివి టాక్సీ నడిపినవారి కథలు ఆ దేశంలో కొల్లలు. ఐరోపా సంక్షోభం ముదురుతున్న రోజుల్లోనే, గుమ్మం మూసే బదులు ఈ చట్టం తేవడం ఆ ప్రభుత్వం చేసిన తెలివైన పని అని నేననుకుంటాను. ఇప్పటికీ ఆ చట్టం కింద ఎక్కువ దరఖాస్తులు నర్సులవే.

మీ సీనియర్లు 'అనెర్‌కెన్నుంగ్' అనేది దీన్నే. మీ సిలబస్‌ను, అనుభవాన్ని అక్కడి రాష్ట్ర అధికారులు చూసి, ఏమేమి తక్కువ ఉన్నాయో రాసి ఒక పత్రం ఇస్తారు. దాన్ని పూడ్చడానికి ఆసుపత్రిలో సర్దుబాటు శిక్షణ అయినా చేయాలి, పరీక్ష అయినా రాయాలి. భాషలో సాధారణంగా బీ1కి పై మెట్టయిన బీ2 కావాలి. ఇవి పూర్తయ్యేదాకా మీరు సహాయకురాలే, జీతమూ సహాయకురాలిదే. ఇది అందరికీ ఉన్న నియమం, మీ యజమాని చేసిన మోసం కాదు. మోసం జరగడానికి వీలున్న చోటు దాని తర్వాత ఉంది. తక్కువ జీతానికి ఎక్కువ పనిచేసే మనిషి దొరికాక, ఆమె పరీక్షకు కూర్చోవాలన్న తొందర యజమానికి ఉండకపోవచ్చు. డ్యూటీల మధ్య చదువుకునే సమయం ఇవ్వకుండా ఏడాది, రెండేళ్లు దొర్లించవచ్చు.

బాబాయిగారి ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పవచ్చు. 2009లో జర్మనీ ఉత్పత్తి దాదాపు 5 శాతం పడిపోయింది. అయినా నిరుద్యోగం పెద్దగా పెరగలేదు. మనుషులను తీసేసే బదులు పని గంటలు తగ్గించి, తగ్గిన జీతంలో కొంత భాగం ప్రభుత్వ నిధి నుంచి ఇచ్చే 'కుర్ట్స్‌ఆర్‌బైట్' పద్ధతి అందుకు ఒక ముఖ్య కారణం. అప్పుడు ముందుగా పోయినవి లేబర్ ఏజెన్సీల ద్వారా ఫ్యాక్టరీలకు అద్దెకు వెళ్లినవారి కొలువులు. వారిలో జర్మన్లూ ఉన్నారు, బయటివారూ ఉన్నారు. అంటే చూడవలసింది పాస్‌పోర్టు రంగు కంటే ముందు ఒప్పందం ఎవరితో అన్నది. పైగా ముసలివారు పెరుగుతున్న దేశంలో నర్సు అవసరం కార్ల అమ్మకాలతో పాటు పడిపోయేది కాదు.

అయితే స్పెయిన్ నర్సుకూ మీకూ ఒక పెద్ద తేడా ఉందని దాచను. ఆమె ఐరోపా పౌరురాలు. నచ్చకపోతే ఇంటికి వెళ్లి, మళ్లీ రావాలనిపిస్తే వీసా లేకుండా రావచ్చు. మీ నివాస అనుమతి మీ కొలువు మీద ఆధారపడి ఉంటుంది. గుర్తింపు రాకముందు కొలువు పోతే ఆ అనుమతి కుదించుకుపోతుంది. గుర్తింపు వచ్చాక పోతే దేశమంతటా ఏ ఆసుపత్రిలోనైనా చేరగల నర్సుగా వెతుక్కుంటారు. పన్నెండు నెలలు బీమా చందా కట్టి ఉంటే నిరుద్యోగ భృతి కూడా వస్తుంది. నైపుణ్యం ఉన్నవారికి మూడేళ్లకు ఇచ్చే శాశ్వత నివాసపు లెక్క కూడా పూర్తి స్థాయి నర్సు అనుమతి చేతికొచ్చిన రోజు నుంచే మొదలవుతుంది. మాంద్యానికి మీ దగ్గర ఉన్న గొడుగు ఆ గుర్తింపు పత్రం ఒక్కటే.

కాబట్టి నా మాట ఇది. వెళ్లండి, కానీ ఈ విషయాలు కాగితం మీదికి వచ్చాక వెళ్లండి. ఒప్పందం నేరుగా ఆసుపత్రితో ఉండాలి. సర్దుబాటు శిక్షణ లేదా పరీక్ష ఎన్ని నెలల్లో మొదలవుతుందో, దాని ఖర్చు, చదువుకునే సమయం ఎవరిస్తారో రాసి ఉండాలి. మధ్యలో మానేస్తే కట్టవలసింది ఏమైనా ఉంటే అది ఎంత, నెలనెలా ఎలా తగ్గుతుంది అన్నది అంకెల్లో ఉండాలి. వీలైతే బీ2 హైదరాబాదులోనే పూర్తిచేయండి. బీ1 జర్మన్‌తో రాత్రి డ్యూటీలో ఫోనెత్తి డాక్టరుకు రోగి స్థితి చెప్పడం ఎంత కష్టమో అక్కడున్న మీ సీనియర్లను అడగండి. ఇక ఏజెన్సీ సంగతి. మన దేశంలో విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే ఏజెంటుకు 1983 వలస చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. మీ దగ్గర తీసుకోగల సేవా రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. అంతకు మించి అడగకూడదు. ఏజెంటు పేరు కేంద్ర ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఉందో లేదో చూసుకోవచ్చు. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా నర్సులకు జర్మన్ నేర్పించి పంపుతోంది. మీ ఏజెన్సీ షరతులను అక్కడి షరతుల పక్కన పెట్టి చదవండి.

ప్రశ్న: 2008 మాంద్యంలో స్పెయిన్ ప్రభుత్వం వలస వచ్చినవారికి డబ్బిచ్చి స్వదేశాలకు పంపిందని చదివాను. ఇలా పంపడం ఫలించిందా? ఫలించకపోతే ఎందుకని? – విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు, రాజమహేంద్రవరం

జవాబు: పెద్దగా ఫలించలేదు. 2008 నవంబరులో స్పెయిన్ తెచ్చిన పథకం ప్రకారం, ఐరోపా సమాఖ్య బయటి దేశాల నుంచి వచ్చి పని కోల్పోయినవారు తమకు రావలసిన నిరుద్యోగ భృతిని ఒకేసారి తీసుకోవచ్చు. 40 శాతం స్పెయిన్‌లో, తక్కిన 60 శాతం సొంత దేశం చేరాక ఇస్తారు. బదులుగా నివాస పత్రం తిరిగి ఇచ్చేసి మూడేళ్ల పాటు మళ్లీ రాకూడదు. ప్రభుత్వం ఆశించిన దానిలో చిన్న భాగమే దీన్ని అందుకుంది. జపాన్ 2009లో, తమ ఫ్యాక్టరీల్లో పనిచేస్తున్న జపాన్ సంతతి బ్రెజిలియన్లకు, మనిషికి 3 లక్షల యెన్లు, ఆధారపడిన ఒక్కొక్కరికి 2 లక్షల యెన్లు ఇచ్చి పంపింది. దాదాపు 20 వేల మంది వెళ్లారు.

స్పెయిన్ పథకం ఫలించకపోవడానికి కారణం మీరు పాఠం చెప్పే చరిత్రలోనే ఉంది. అప్పటి పశ్చిమ జర్మనీ 1955లో ఇటలీతో మొదలుపెట్టి గ్రీసు, స్పెయిన్, టర్కీ, పోర్చుగల్, యుగోస్లావియాలతో ఒప్పందాలు చేసుకుని కార్మికులను రప్పించింది. పదిలక్షలవ అతిథి కార్మికుడిగా 1964 సెప్టెంబరు 10న కొలోన్ నగరంలో రైలు దిగిన పోర్చుగీసు వడ్రంగి అర్మాందో రోద్రిగెస్ ద సాకు బ్యాండు మేళంతో స్వాగతం పలికి మోపెడ్ బహూకరించారు. ఆ మోపెడ్ ఇప్పుడు బాన్ నగరపు మ్యూజియంలో ఉంది. ఆయన మాత్రం జబ్బుపడి స్వదేశం చేరి, తాను చందా కట్టిన జర్మన్ బీమా తనకు వర్తిస్తుందన్న సంగతి తెలియక, కూడబెట్టినదంతా వైద్యానికి పోసి 1979లో మరణించాడు. స్వాగతానికి బ్యాండు పెట్టిన దేశం ఆయన హక్కులేమిటో ఆయన భాషలో చెప్పలేకపోయింది.

1973 చమురు సంక్షోభం రాగానే ఆ ఏడాది నవంబరు 23న జర్మనీ కొత్తవారిని తీసుకోవడం ఆపేసింది. అప్పటికి దేశంలో విదేశీయులు దాదాపు 40 లక్షలు. తలుపు వేస్తే సంఖ్య తగ్గుతుందనుకున్నారు. అదివరకైతే పని తగ్గితే ఊరికి వెళ్లి, పెరిగితే మళ్లీ వచ్చేవారు. ఇప్పుడు వెళ్తే తిరిగి రానివ్వరని తెలిశాక ఎవరు కదులుతారు? ఉండిపోయారు, భార్యాపిల్లలను తెచ్చుకున్నారు. 1980 నాటికి విదేశీయుల సంఖ్య 44 లక్షలు దాటింది. 1983లో తిరిగి వెళ్లేవారికి మనిషికి 10,500 మార్కులు (అప్పటి జర్మన్ కరెన్సీ), బిడ్డకు 1,500 మార్కులు ఇస్తామన్నప్పుడు కూడా ఎక్కువమంది కదలలేదు. స్పెయిన్ పథకంలోని మూడేళ్ల నిషేధం సరిగ్గా ఇదే పొరపాటు. రాకపోకలు వీలుగా ఉన్నవారు మాంద్యంలో చెప్పకుండానే వెళ్లిపోతారు. 2008 తర్వాత బ్రిటన్, ఐర్లండ్‌ల నుంచి పోలండ్ వారు ఎంతోమంది నయాపైసా తీసుకోకుండా ఇంటికి వెళ్లారు. మళ్లీ రావడానికి వారికి అడ్డులేదు కాబట్టి.

ప్రశ్న: మా అబ్బాయి ఎనిమిదేళ్లుగా అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. పోయిన నెల లేఆఫ్ చేశారు. హెచ్1బీ మీద అరవై రోజులే ఉండవచ్చట. తెలిసినవారి కన్సల్టెన్సీ ఒకటి, 'మా తరఫున ట్రాన్స్‌ఫర్ వేస్తాం, ప్రాజెక్టు దొరికేదాకా బెంచ్ మీద ఉండాలి, జీతం ఉండదు, ఫైలింగ్ ఖర్చు మీరే పెట్టుకోవాలి' అంటోంది. ఇంటికి వచ్చేయమంటే వాడికి ఇష్టం లేదు. ఏం చేయాలి? – విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, విజయవాడ

జవాబు: ముందు ఆ కన్సల్టెన్సీ సంగతి తేల్చుకోండి. హెచ్1బీ మీద ఉన్నవారిని పని లేదన్న కారణంతో జీతం లేకుండా కూర్చోబెట్టడం 1998 నుంచి అమెరికా చట్టానికి విరుద్ధం. పిటిషన్ ఖర్చులు ఉద్యోగి నెత్తిన వేయడం కూడా విరుద్ధమే. 'తెలిసినవారు' అన్న మాటకు మన దగ్గర ఉన్న బరువు అమెరికా కార్మిక శాఖ దగ్గర ఉండదు. జీతం చీటీలు లేని నెలలు రేపు మరో పిటిషన్ వేసేటప్పుడు మీ అబ్బాయి మెడకే చుట్టుకుంటాయి.

ఆ అరవై రోజుల వెసులుబాటు కూడా 2017 జనవరిలో వచ్చినదే. 2001లో డాట్‌కామ్ కంపెనీలు కూలినప్పుడు అక్కడున్న మన పిల్లలకు అది కూడా లేదు. అప్పటి తమాషా ఏమిటంటే, కంపెనీలు మనుషులు చాలడం లేదని మొరపెట్టుకోగా 2000 చివర్లో అమెరికా ఏటా ఇచ్చే హెచ్1బీల పరిమితిని 1,95,000కు పెంచింది. పెంచిన కొద్ది నెలలకే ఆ కంపెనీలే లేఆఫ్‌లు మొదలుపెట్టాయి. 2004 ఆర్థిక సంవత్సరానికి పరిమితి మళ్లీ 65,000కు దిగింది. చట్టం ఎప్పుడూ మార్కెట్టుకు రెండేళ్లు వెనక నడుస్తుంది. 2009 ఫిబ్రవరిలో, ప్రభుత్వ సాయం పొందిన బ్యాంకులు హెచ్1బీ వారిని కొత్తగా చేర్చుకోవడానికి అదనపు షరతులు పెట్టారు. అవి రెండేళ్లుండి ముగిశాయి.

లెక్క ఇలా ఉంటుంది. జీతం చెల్లించిన చివరి పనిరోజు నుంచి గరిష్ఠంగా 60 రోజులు. పరిహారం కింద ఇచ్చిన మొత్తం ఆ గడువును పెంచదు. ఆలోపు కొత్త యజమాని పిటిషన్ దాఖలు చేస్తే చాలు, ఆమోదం కోసం ఆగకుండా పనిలో చేరవచ్చు. దొరకకపోతే గడువులోపలే సందర్శకుల హోదాకు మార్చమని దరఖాస్తు చేసి మరికొంత కాలం వెతుక్కునేవారు ఉన్నారు, అయితే ఆ హోదాలో పని చేయకూడదు. పాత కంపెనీ గ్రీన్‌కార్డు కోసం వేసిన ఐ-140 ఆమోదం పొంది 180 రోజులు దాటి ఉంటే, కంపెనీ వెనక్కి తీసుకున్నా సాధారణంగా మీ అబ్బాయి క్యూలో స్థానం పోదు. ఎనిమిదేళ్లుగా ఉన్నాడంటే ఆ పత్రం ఉండే ఉంటుంది, దాని నకలు జాగ్రత్త చేసుకోమనండి. తొలగించిన కంపెనీ తిరుగు ప్రయాణపు ఖర్చు భరించాలన్న నియమం కూడా ఉంది. అయితే ఇంటికి వచ్చి మళ్లీ వెళ్దామనుకుంటే ఒక చిక్కుంది. 2025 సెప్టెంబరులో వెలువడిన ప్రకటనతో, దేశం బయట ఉన్నవారి కోసం వేసే కొత్త హెచ్1బీ పిటిషన్లకు లక్ష డాలర్ల రుసుము వచ్చి పడింది. కాబట్టి విమానం టికెట్టు కొనేముందు ఇమ్మిగ్రేషన్ లాయరుతో ఒక గంట మాట్లాడటం చవక.

పై ఉత్తరంలోని నర్సుకు, మీ అబ్బాయికి ఉన్న కష్టం ఒకటే; కొలువు పోతే పోయేది జీతం ఒక్కటే కాదు, ఉండే హక్కు కూడా. అందుకే గడువు తరుముతుంటే సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్టుగా పనిచేసిన మనిషి టెస్టింగ్ ఉద్యోగానికి, సగం జీతానికి తలూపుతాడు. అలా తలూపడం తప్పని నేను అనను. అయితే అది ఏడాదికి మించి సాగనివ్వకూడదు. ఇక తిరిగి రావడం గురించి. హైదరాబాదులో ఇప్పుడు విదేశీ కంపెనీల సొంత కేంద్రాలు చాలా ఉన్నాయి, ఎనిమిదేళ్ల అనుభవం అక్కడ వృథా కాదు. వాడికి ఇష్టం లేదన్నారు. నిజంగా వాడికి ఇష్టం లేదా, 'అమెరికా నుంచి వచ్చేశాడట' అన్న నలుగురి మాటకు జంకుతున్నాడా అన్నది తండ్రిగా మీరే నెమ్మదిగా కనుక్కోవాలి.

ప్రశ్న: నేను ఐటీఐలో రెండేళ్ల ఎలక్ట్రీషియన్ ట్రేడు చేశాను. 2007లో దుబాయి వెళ్లాను, 2009లో పనులు ఆగిపోయి కంపెనీ మమ్మల్ని తిప్పి పంపింది. అప్పు తీరక మళ్లీ ఖతర్ వెళ్లాను. ఇప్పటికీ అక్కడే ఉన్నాను. మీ పత్రికలో నైపుణ్యం ఉన్న వలస అంటే డాక్టర్లు, సాఫ్ట్‌వేర్ వాళ్లేనా? మేము చేసేది నైపుణ్యం కాదా? – జగిత్యాల జిల్లా పాఠకుడు

జవాబు: తమ్ముడూ, తప్పు మాదే, ఒప్పుకుంటున్నాం. 2009 నవంబరులో దుబాయి ప్రభుత్వానికి చెందిన దుబాయి వరల్డ్ సంస్థ అప్పుల చెల్లింపును వాయిదా వేయమని అడిగినప్పుడు ప్రపంచమంతా బ్యాంకుల గురించే మాట్లాడింది. ఆగిపోయిన భవనాల్లో వైర్లు లాగుతున్న మీలాంటివారు ఏజెంటు దగ్గర చేసిన అప్పుతో ఊరు చేరడం గురించి తక్కువే రాశారు. పైగా మీ వీసా స్పాన్సరుకు ముడిపడి ఉండటంతో పక్క కంపెనీలో పని ఉన్నా చేరే వీలు మీకు లేకపోయింది. యజమాని అనుమతి లేకుండా ఉద్యోగం మారే వీలును ఖతర్ 2020లో కల్పించింది. ఇప్పుడు మీకు అది వర్తిస్తుంది.

మీ నైపుణ్యాన్ని ఎందుకు లెక్కించరంటే, చాలాసార్లు అది కాగితం మీద ఉండదు. పని ఎలక్ట్రీషియన్‌ది, వీసాలో వృత్తి మాత్రం 'లేబర్'. ఊళ్లో ఏజెంటు ఏ వీసా దొరికితే అది కొనడం వల్ల వచ్చే తిప్పలు ఇవి. 2024 మార్చి నుంచి జర్మనీలో ఒక కొత్త దారి తెరిచారు. సొంత దేశంలో ప్రభుత్వ గుర్తింపు ఉన్న కనీసం రెండేళ్ల వృత్తి శిక్షణ, గత ఐదేళ్లలో కనీసం రెండేళ్ల అనుభవం, నిర్ణీత స్థాయికి తగ్గని జీతంతో ఉద్యోగపు ఒప్పందం ఉన్నవారు, నర్సుల్లా గుర్తింపు ప్రక్రియ మొత్తం నడవకుండానే, ప్రత్యేక నియంత్రణ లేని (చేయడానికి ప్రభుత్వ అనుమతి అక్కర్లేని) వృత్తుల్లో చేరవచ్చు. ఉద్యోగిగా పనిచేసే ఎలక్ట్రీషియన్ ఆ కోవలోకే వస్తాడు. మీ రెండేళ్ల ఐటీఐ సర్టిఫికెట్ విలువ అక్కడ తెలుస్తుంది. ఆ దారిన వెళ్లినా వెళ్లకపోయినా, ఖతర్ కంపెనీ మీకిచ్చే అనుభవ పత్రంలో మీ హోదా ఎలక్ట్రీషియన్ అని ఉందో, లేబర్ అని ఉందో ఈ వారమే చూడండి. రెండోదైతే, కంపెనీకి పనులు బాగా ఉండి ఆఫీసులో అడిగితే పలికే మనిషి ఉన్న ఇప్పుడే సరిచేయించుకోండి.